మొదటి వరుసకు పైన

యాప్ రాయడం నేర్చుకుందామని కూర్చుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టి, తెర మీద ఎర్రటి వరుస కనబడగానే "ఈ విద్య మన తలకెక్కదులే" అని లాప్‌టాప్ మూసేసిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు వెళ్లి ఆ లాప్‌టాప్ తెరవండి. తప్పు మీది కాకపోవచ్చు. పుస్తకం రాసినవాడిది కావచ్చు. ఊరికే ధైర్యం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. ఆ పుస్తకాలు రాసేవాళ్ల పక్క కుర్చీలో కూర్చుని, మీలాంటివాళ్ల ఫోన్లు ఎత్తి ఎత్తి రిటైరైనదాన్ని. వాళ్ల గుట్టంతా నాకు తెలుసు.

నేను మొదట కర్నూలులో టైపు ఇన్‌స్టిట్యూట్ టీచర్ని. టైపు మిషన్లు పాత ఇనుము కొట్టుకు పోయాక కంప్యూటర్ నేర్చుకున్నాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, వార్డు ఎన్నికల వాగ్దానాలు అన్నీ కొట్టాను. మా ఆయనకు కడప బదిలీ అయినప్పుడు, అక్కడ ఒక బట్టల కొట్టు మేడమీద నడుస్తున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. "ఈ వయసులో కొత్త ఉద్యోగమేంది" అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ ఆ మేడమీద మేం నవ్విన నవ్వులు వినలేదు.

ఆ కంపెనీ ఒక కిట్ తయారుచేసింది. దాంతో కొత్తవాళ్లు కూడా తెలుగులో చిన్నచిన్న యాప్‌లు రాసుకోవచ్చు. కిరాణా కొట్టుకొకటి, బడికొకటి, మగ్గాల సొసైటీకొకటి. కిట్‌తో పాటు దాన్ని ఎలా వాడాలో చెప్పే సహాయం పేజీలు ఉంటాయి. అదంతా తెర మీదే ఉన్నా మేం దాన్ని పుస్తకం అనే పిలిచేవాళ్లం. ఆ పుస్తకం రాసేది మా చీఫ్ ప్రోగ్రామర్. అందులో తెలుగు దిద్దడం, అర్థంకానివాళ్లు ఫోన్ చేస్తే జవాబు చెప్పడం నా పని.

మా చీఫ్ ఆదోని పిల్లవాడు. ముప్పై దాటి ఉండవు. చేయి కీబోర్డు మీద పెడితే చూసేవాళ్లకు కళ్లు తిరిగేవి. అంత తెలివైనవాడు. అయితే అతని తెలివికీ అతని పుస్తకానికీ పొంతన ఉండేది కాదు. తనకు తెలిసినదంతా లోకానికి పుట్టుకతోనే తెలుసని అతని నమ్మకం. "కిట్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకోండి" అని రాసేవాడు. మామూలుగా అంటే ఎలాగో ఉండదు. "ఇక్కడ మీ యాప్ పేరు రాయండి" అని చతురస్రపు బ్రాకెట్ల మధ్య పెట్టేవాడు. ఆ బ్రాకెట్లు ఉంచాలా తీసేయాలా అన్నది ఉండదు. దాంతో సీమలో సగం యాప్‌ల పేరు "ఇక్కడ మీ యాప్ పేరు రాయండి" అయింది. నేను అడిగితే ఒకటే సమాధానం.

"అది తెలియనోళ్లు యాడుంటారక్కా?"

"యాడనో కాదు నాయనా. ఫోన్లో ఉండారు. పట్టుకో, మాట్లాడు."

వెంటనే అతనికి ఏదో పని గుర్తొచ్చేది.

ఒకసారి అతనికి బుద్ధి చెప్పాలని సంగటి చేయించాను. మా ఆఫీసులో చిన్న వంటగది ఉండేది. బ్రహ్మచారి, హోటల్ తిండి తిని నోరు చచ్చిపోయింది, సంగటి ఎలా చేయాలో చెప్పమని వారంగా నా వెంట పడుతున్నాడు. సరేనని అతని పుస్తకం పద్ధతిలోనే రాసిచ్చాను. "గిన్నె పొయ్యి మీద పెట్టండి. రాగిపిండి వేయండి. గెలికి ముద్దలు చేయండి. చెనిక్కాయల ఊరిబిండితో తినండి." అంతే రాశాను. నీళ్లు లేవు, బియ్యం లేవు, మూత లేదు, మంట తగ్గించే మాట లేదు.

కాసేపటికి పొగ. కింది బట్టల కొట్టు సేటు చీరలు కాలిపోతున్నాయనుకుని కొలతకర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మా చీఫ్ వంటగదిలోంచి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, నల్లటి గిన్నె నా ముందు పెట్టాడు.

"నీళ్లు పొయ్యమని రాయలేదు కదక్కా!"

"అది తెలియనోళ్లు యాడుంటారప్పా?"

మా టెస్టర్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక బల్ల కింద దూరింది. ఆమెది కడపే. మేం తయారుచేసినదంతా నొక్కి నొక్కి చూసి, ఎక్కడ విరుగుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ రోజు బల్ల కింది నుంచే "సంగటిలో బగ్ ఉండాదక్కా" అని రిపోర్టు ఇచ్చింది. మా చీఫ్ కూడా నవ్వాడు. రెండు రోజులు పుస్తకంలో వివరాలు రాశాడు. మూడో రోజు నుంచి మళ్లీ "మామూలుగా" మొదలైంది.

ఇంతలో మాకు ఒక రోగం పట్టుకుంది. నేను దానికి "మొదటి వరుస రోగం" అని పేరు పెట్టాను.

కిట్ కొత్త రూపు విడుదల చేసిన కొద్ది రోజులకే ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకే బాధ. పుస్తకంలో తొలి పాఠం చాలా చిన్నది. కొత్త ఫైలు తెరవాలి, నాలుగు వరుసలు కొట్టాలి, నడిపించే బొమ్మ నొక్కాలి. తెర మీద "నమస్కారం" అని రావాలి. కొందరికి వస్తుంది. కొందరికి మాత్రం "మొదటి వరుసలో తప్పు ఉంది" అని ఎర్రగా వస్తుంది. మొదటి వరుస ఏమిటో చదవమంటే చదువుతారు. అక్షరం పొల్లుపోకుండా సరిగ్గా ఉంటుంది. చెరిపి మళ్లీ కొట్టమంటాను. కొడతారు. మళ్లీ అదే ఎర్ర వరుస. ఫొటో పంపమంటే, ఎర్ర వరుసను మాత్రమే దగ్గరగా తీసి పంపుతారు. రాసింది కాపీ చేసి పంపమంటే పంపుతారు. దాన్ని మా మిషన్లో పెడితే బుద్ధిగా "నమస్కారం" అంటుంది.

విచిత్రమేమిటంటే అందరికీ ఒకే రకం తప్పు కాదు. కొందరికి "తెలియని మాట" అని వచ్చేది. కొందరికి "ఇక్కడ అంకె రాకూడదు" అని. ఇంకొందరికి "కూడిక పూర్తి కాలేదు" అని. ఆ తొలి పాఠంలో అంకె లేదు, కూడిక అసలే లేదు. మా చీఫ్ వీటిని మూడు వేరువేరు బగ్గులని తేల్చి, మూడింటి వెనకా పరుగెత్తాడు. గడ్డం పెరిగింది. టీ పెరిగింది. బగ్గు మాత్రం దొరకలేదు.

ఆ రోజుల్లోనే ఒక పెద్దాయన రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. పేరు అడిగితే "పేరెందుకులేమ్మా, నేర్చుకునేటోన్ని" అనేవాడు. గొంతులో రాయి మీద రాయి జరిపినట్టు ఒక గరగర ఉండేది. మర్యాద మాత్రం వెన్న.

"ఏమ్మా, బాగుండావా? అదే మళ్ల వచ్చింది."

"మొదటి వరుస చదవండి సార్."

చదివేవాడు. సరిగ్గా ఉండేది.

"దానికి పైన ఇంకేమన్నా రాసినారా?"

"పైన ఏముంటాదమ్మా? ఏం లేదు."

"రవ్వంత నిదానంగా మళ్లీ చూడండి సార్. చుక్క గానీ, గీత గానీ..."

"ఏం లేదంటాండా కదమ్మా. నాకే చేతకావడం లేదేమో. ఈ వయసులో నాకెందుకు ఇవన్నీ అని మా ఇంట్లో నవ్వుతాండారు."

ఆ మాటకు నాకు గుండె చివుక్కుమనేది. "నవ్వనీండి సార్. మీ వేలు బాగుంది, మీ కళ్లు బాగున్నాయి. మా పుస్తకంలోనే ఏదో లోపం. నేను పట్టుకుంటాను" అని చెప్పేదాన్ని. పట్టుకుంటానని అన్నానే కానీ, ఎలా పట్టుకోవాలో నాకే తెలియదు.

సరిగ్గా అప్పుడే మా యజమాని మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పాడు. కర్నూలు వైపు ఒక విద్యాసంస్థ ఉంది. వాళ్లకు చాలా కాలేజీలు. వాళ్లు మా కిట్‌ను పిల్లలకు పాఠంగా పెడితే మా ఆఫీసు కడపలోనే నిలుస్తుంది. కాదంటే మూసేసి, కిట్‌ను బెంగళూరులో ఒక పెద్ద కంపెనీలో కలిపేయాలి. మా చీఫ్‌కు ఏ ఊరైనా ఒకటే, ఎక్కడైనా ఎర్ర తివాచీ పరుస్తారు. నేనూ, టెస్టర్ అమ్మాయీ మాత్రం ఊరు విడిచి పోలేం. మా ఇద్దరి ఉద్యోగాలూ ఆ ఒక్క నిర్ణయం మీద వేలాడుతున్నాయి. నాకు భయమేసింది. జీతం సంగతి అటుంచండి. ఆ మేడ, ఆ మాడిన గిన్నె, ఆ ఫోను లేకుండా రేపు పొద్దున లేచి నేనేం చేయాలన్నది నా భయం.

విద్యాసంస్థ చైర్మన్ ఒక పరీక్ష పెట్టాడట. ఎప్పుడూ ఒక్క వరుస కూడా రాయని పిల్లలను ఒక హాల్లో కూర్చోబెడతారు. చేతికి కిట్, ఎదురుగా పుస్తకం. ఎవరూ సాయం చేయకూడదు. మధ్యాహ్నం భోజనాల వేళకు పిల్లల తెరల మీద "నమస్కారం" కనబడాలి. కనబడితే కిట్ తీసుకుంటారు, లేకపోతే లేదు.

"ఇదేం పరీక్షప్పా! నేనెక్కి అరగంట మాట్లాడితే చాలు కదా" అన్నాడు మా చీఫ్.

"నువ్వు మాట్లాడితే ఇంకా అర్థం కాదు" అన్నాను. టెస్టర్ అమ్మాయి మళ్లీ బల్ల కింద దూరబోయింది.

పరీక్ష రోజు తెల్లారగానే యజమాని కారులో బయలుదేరాం. ఆళ్లగడ్డ దగ్గర అహోబిలం మలుపు రాగానే యజమాని స్టీరింగ్ వదిలేసి నరసింహస్వామికి రెండు చేతులూ జోడించాడు. మేం ముగ్గురం ఒకేసారి కేక పెట్టాం. "ఆయప్ప మీద భారం వేసినా, రోడ్డు మీద గూడా రవ్వంత చూపు పెట్టు సార్" అన్నాడు మా చీఫ్. కర్నూలు చేరేదాకా ఎవరమూ నవ్వు ఆపుకోలేకపోయాం. భయం ఎక్కువైనప్పుడు నాకు నవ్వు కూడా ఎక్కువవుతుంది. ఆ రోగం చిన్నప్పటి నుంచీ ఉంది.

హాలు నిండా పిల్లలు. కొత్తగా కాలేజీలో చేరినవాళ్లు. మగ్గం నేసే ఇళ్ల నుంచి, అంగళ్ల నుంచి, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల నుంచి వచ్చిన పిల్లలు. మమ్మల్ని వేదిక మీద కూర్చోబెట్టారు, కిందికి దిగకూడదన్నారు. అక్కడి నుంచి మాకు లాప్‌టాప్‌ల వీపులు, పిల్లల ముఖాలు తప్ప ఏమీ కనబడవు. ప్రిన్సిపాల్ వాచీ చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. వెనక వరుసలో, తలుపు పక్కన, తెల్ల పంచె కట్టుకుని ఒక పెద్దమనిషి చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనే చైర్మన్ అని యజమాని నా చెవిలో చెప్పాడు. వచ్చినప్పటి నుంచి ఆయన నోరు విప్పలేదు. మేం దండం పెడితే తల ఊపాడు, అంతే.

మొదలుపెట్టమన్నారు. టకటకమని చప్పుడు హాలంతా నిండింది. టైపు ఇన్‌స్టిట్యూట్ రోజులు గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి ఒక్కొక్క చప్పుడే ఆగింది. తర్వాత నేను ఫోన్లో విని విని ఎరిగిన నిశ్శబ్దం వచ్చింది.

"సార్, మొదటి వరుసలో తప్పంటాంది" అంది ముందు వరుసలోని అమ్మాయి.

"నాకూ అదే."

"నాకేమో అంకె రాకూడదంటాంది. నేను అంకె యాడ రాసినా?"

"సార్, కూడికంటాంది సార్!"

మా చీఫ్ ముఖం సున్నమైంది. మూడు బగ్గులూ కలిసికట్టుగా కర్నూలు వచ్చేశాయి. ప్రిన్సిపాల్ "ఎవరూ మాట్లాడకండి, పుస్తకం చూసుకోండి" అన్నాడు. పిల్లలు పుస్తకం చూసుకున్నారు. చెరిపారు, మళ్లీ కొట్టారు. మళ్లీ ఎర్ర వరుసే. అంతలో ఒక మూల నుంచి కేక వినబడింది.

"నాది వచ్చింది!"

ఆ పిల్లవాడు ఆలస్యంగా వచ్చి, చెమటలు కక్కుతూ ఆఖర్న కూర్చున్నవాడు. అందరికంటే వెనక మొదలుపెట్టి అందరికంటే ముందు పూర్తిచేశాడు. ఇంకా అక్కడొకరికి, ఇక్కడొకరికి వచ్చింది. మిగిలిన హాలంతా తల పట్టుకుని కూర్చుంది. భోజనాల వేళ దగ్గరపడుతోంది. వంటశాల నుంచి పులుసు వాసన వస్తోంది. ఆ వాసనకు నాకు ఆకలి వేయలేదు, ఏడుపొచ్చింది. మా మేడ మెట్లకు తాళం పడినట్టే అనిపించింది.

ఇక కూర్చోలేక లేచాను. "సార్, నేను కిందికి దిగి చూడొచ్చా? ఒక్క మాట కూడా మాట్లాడను. ఊరికే చూస్తాను" అని ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఆయన వెనక వరుస వైపు చూశాడు. పంచె పెద్దమనిషి తల ఊపాడు.

దిగాను. ముందు వరుసలోని అమ్మాయి వెనక్కి వెళ్లి, ఆమె భుజం మీదుగా తెర చూశాను.

నాలుగు వరుసలూ చక్కగా ఉన్నాయి. వాటికి పైన, తెరకు సరిగ్గా నడుమ, ఒంటరిగా, నిండుగా, "శ్రీ" అని ఉంది.

పక్క తెర చూశాను. శ్రీ. ఆ పక్కన ఓం. ఆ వెనక ఒక అబ్బాయి తెర మీద, మొదటి వరుసకు పైన, బిస్మిల్లాకు బదులు, 786. ఆ పక్కమ్మాయి తెర మీద శిలువ గుర్తుగా ఒక కూడిక గుర్తు. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడి తెర మీద పైన ఏమీ లేదు. పాపం, అతనికి దేవుణ్ణి తలుచుకునే తీరిక దొరకలేదు.

అప్పుడు నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు పైన ఒక గుర్తు పెట్టడం మనకు చెప్పాల్సిన పనా? పరీక్ష పేపరైనా, పెళ్లి సామాన్ల చీటీ అయినా, ముందు అది పడాల్సిందే. అది రాత లెక్కలోకి రాదు. అందుకే ఫోన్లో "పైన ఏమన్నా రాశారా" అంటే "లేదు" అన్నారు. అందుకే కాపీ చేసి పంపమంటే దాని కింది నుంచి చేసి పంపారు. అందుకే మొదటి వరుస అంటే, దాని కింద ఉన్న వరుసనే చెరిపి చెరిపి రాశారు. మిషన్‌కు ఈ మర్యాదలేం తెలుసు? పైనుంచి చదువుకుంటూ వస్తుంది. దానికి శ్రీ తెలియని మాట. 786 రాకూడని అంకె. శిలువ పూర్తికాని కూడిక.

నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. మాట్లాడనని మాటిచ్చాను కాబట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి. రెండు వరుసల మధ్య దారిలో నేల మీద కూలబడ్డాను. పిల్లలు బెదిరిపోయారు. ఎవరో నీళ్ల సీసా తెచ్చారు. ఇంకెవరో తాళంచెవులు నా చేతిలో పెట్టారు, ఫిట్సు అనుకుని. అది చూసి ఇంకా నవ్వొచ్చింది. వేదిక మీద మా చీఫ్ "అక్కా, ఏమైందక్కా" అని అరుస్తున్నాడు. నేను చేత్తో ఆగమని సైగ చేస్తున్నాను.

"మేడమ్, సాయం చేయకూడదని చెప్పినాం కదా" అన్నాడు ప్రిన్సిపాల్.

అప్పుడు వెనక వరుస నుంచి పెద్దమనిషి లేచాడు.

"ఏమ్మా, ఏం కనపడిందో చెప్పు. నేను చెప్తాండా, చెప్పు."

రాయి మీద రాయి జరిపినట్టు గరగర. నా నవ్వు ఠక్కున ఆగింది.

"సార్... మీరా?"

"నేనేలేమ్మా. నాకే రానిది పిల్లోళ్లకు ఎట్ల వస్తాదో చూద్దామని ఇదంతా పెట్టినా. బేతంచెర్లలో బండ కొనేటోడు, పగులుంటే కనపడాలని నీళ్లు చల్లి చూడకుండా కొనడు. నేను పుట్టింది ఆ బండల్లోనే." సంచీలోంచి లాప్‌టాప్ తీసి నా ముందుకు తెచ్చాడు. "ముందు నాది చూడు."

తెరిచాను. ఉండాల్సిన చోటే ఉంది. "శ్రీరామ."

"సార్, పైన ఏమీ లేదని రోజూ చెప్తిరే?"

"ఏం లేదు కదమ్మా?" అన్నాడు అమాయకంగా. నేను వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "ఓహో, ఇదా? దీన్ని లెక్కలోకి ఎట్ల తీసుకుంటామమ్మా? ఒంటిమిట్ట రామయ్యను తలుచుకోకుండా నేను ఏపొద్దూ ఏ పనీ మొదలుపెట్టలేదు. ఇది తీసెయ్యమంటావా?"

హాలంతా చెవులు రిక్కించింది. ఆయన గొంతులో బెరుకు విని నాకు జాలేసింది.

"తీయొద్దు సార్. ఎవరూ ఏమీ తీయొద్దు. దాని ముందు రెండు స్లాషులు, అదే రెండు వాలు గీతలు, పెట్టండి చాలు."

"దేవుని పేరు ముందర ఆ గీతలేందమ్మా?"

"అవి దేవుడికి కాదు సార్, మిషన్‌కు. 'ఇది నీకు సంబంధం లేదు, పక్కకు జరుగు' అని మిషన్‌కు చెప్పడం."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చూపుడు వేలితో నెమ్మదిగా ఒక గీత, ఇంకో గీత కొట్టాడు. నడిపించే బొమ్మ నొక్కాడు. తెర తెల్లబడింది. తర్వాత నడుమన పచ్చటి అక్షరాలతో "నమస్కారం" వచ్చింది.

"వచ్చిందీ!" అని ఆయన పెట్టిన కేక వంటశాల దాకా వినబడింది. వంటవాళ్లు గరిటెలతో పరుగెత్తుకొచ్చారు. అప్పటికే హాలంతా స్లాషులు కొడుతోంది. ముందు వరుసలో ఒకటి, దాని వెనక రెండు, ఆ తర్వాత ఎవరిదో ఏమిటో తెలియకుండా తెరలన్నీ నమస్కారాలు పెట్టాయి. పిల్లలు బెంచీలెక్కారు. చైర్మన్‌గారు తన తెరను ప్రిన్సిపాల్‌కు చూపించి, నాకు చూపించి, ఆఖరికి నీళ్ల సీసా తెచ్చిన అమ్మాయిని పిలిచి మరీ చూపించాడు. నేను కూడా ఏదో బెంచీ మీద ఉన్నట్టు గుర్తు. ఎవరు ఎక్కించారో తెలియదు.

గోల సద్దుమణిగాక ఆయన వేదిక వైపు తిరిగాడు. మా చీఫ్‌ను కిందికి పిలిచాడు.

"ఏమప్పా, ఈ స్లాషుల మాట నీ పుస్తకంలో యాడుండాది?"

మా చీఫ్ తల దించుకున్నాడు. "లేదు సార్. అది తెలియనోళ్లు యాడుంటారనుకున్నా."

"ఈడుండారప్పా. హాలు నిండా ఉండారు. నేనుండా."

 నాకు మా చీఫ్‌ను చూసి బాధే వేసింది. మా యజమాని చేతులు నలుపుకుంటున్నాడు. టెస్టర్ అమ్మాయి కూడా దిగొచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 

"మీ కిట్ మంచిదే" అన్నాడు చైర్మన్‌గారు. "పుస్తకమే బాగలేదు. తీసుకుంటా. అయితే రెండు మాటలు. పుస్తకం ఈ పిల్లోడు గాదు, ఈమె రాయాల. ఇంకోటి, ఫోను కడపలోనే మోగాల. రాముని పేరు పెట్టుకుంటే ఎర్రగా వచ్చిందని బెంగళూరు వాళ్లకు నేను చెప్పుకోలేను."

మా యజమాని రెండు చేతులూ జోడించాడు. ఈసారి స్టీరింగ్ లేదు కాబట్టి మేమెవరమూ కేక పెట్టలేదు. నాకు మాత్రం మళ్లీ కళ్లు నిండాయి. అవి నవ్వు నీళ్లో, ఏడుపు నీళ్లో చూసుకునే ఓపిక నాకు లేదు.

తిరుగుదారిలో కారులో మా చీఫ్ నా పక్కన కూర్చున్నాడు. నంద్యాల దాటాక లాప్‌టాప్ తెరిచి, కిట్‌లో తను రాసిన అసలు ఫైళ్లు ఒక్కొక్కటీ నాకు చూపించాడు. ప్రతి ఫైలులోనూ అన్నింటికంటే పైన, రెండు స్లాషుల వెనక, "శ్రీ లక్ష్మీనరసింహ" అని ఉంది.

"నేనూ పెట్టుకుంటా కదక్కా. ఈ కొత్త పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు అందంగా ఉండాలని తీసేసినా" అన్నాడు నీరసంగా.

"నేను 786 ముందర ఎప్పుడూ స్లాషులు పెడతా" అంది టెస్టర్ అమ్మాయి. "అందరూ అంతే అనుకున్నా. అందుకే నాకు ఏపొద్దూ బగ్గు రాలేదు!"

బగ్గులు పట్టుకోవడానికి ఉన్న మనిషి భక్తి వల్ల బగ్గు దొరకలేదని మేం ఎంత నవ్వామంటే, యజమాని కారు పక్కకు ఆపి నవ్వాల్సొచ్చింది. అహోబిలం మలుపులో మా చీఫ్ దిగి, రోడ్డు పక్క అంగట్లో కొబ్బరికాయ కొనుక్కొచ్చి మలుపు రాయి మీదే కొట్టాడు. ఆ ముక్కలు కడప దాకా నమిలాం.

ఆ వారమే పుస్తకం తిరగరాయడం మొదలుపెట్టాను. నా తొలి పేజీ తొలి మాట ఇది: "ముందు మీకు అలవాటైన గుర్తు పెట్టుకోండి. దాని ముందు రెండు స్లాషులు కొట్టండి. ఇప్పుడు మొదలుపెడదాం." దాన్ని చదివి మా చీఫ్ ఏదో అనబోయాడు. "అది తెలియ..." దాకా వచ్చి, మాడిన గిన్నె వైపు చూసి నోరు మూసుకున్నాడు. ఆ గిన్నెను మేం పారేయలేదు. అందులో పెన్నులు వేసుకునేవాళ్లం.

పిల్లలూ, తెలిసినవాళ్లు రాసినదంతా పూర్తిగా ఉంటుందని అనుకోవద్దు. వాళ్లకు మరీ అలవాటైపోయిన ముక్క ఎక్కడో జారిపోయి ఉంటుంది. అడగండి. పోనీ, రేపు మీరు నేర్చుకుని ఇంకొకరికి చెప్పే రోజు వస్తే, వాళ్ల భుజం మీదుగా ఒక్కసారి తెర చూడండి. ఫోన్లో వినబడనివి అక్కడ కనబడతాయి.

కర్నూలు వెళ్లొచ్చిన మర్నాడు నేను ఆఫీసుకు పోయి ఇంకా చెప్పులైనా విడవలేదు, ఫోను మోగింది. ఆ మేడమీద, మా కడపలో, నా బల్ల మీదే మోగింది. అది మోగుతుంటే వినడమే నాకు పండగ్గా ఉండి, కొంచెం ఆలస్యంగా ఎత్తాను.

"ఏమ్మా, బాగుండావా?" అదే గరగర. "ఇప్పుడు రెండో వరుసలో తప్పంటాంది."

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"రెండో వరుసకు పైన ఏముంది సార్?"

"పైన ఏముంటాదమ్మా? ఏం లేదు."